తొమ్మిదికి వేసుకున్నాను

లాండ్రీ వెనక గది,
జూన్ 6

పిన్నికి,

ఉత్తరం ఎప్పుడూ నేను క్షేమం అని మొదలుపెడతాను. ఈసారి ఆ మాట వదిలేస్తున్నాను. భయపడకు. జ్వరం లేదు, దగ్గు లేదు, బరువు తగ్గలేదు. నిద్ర లేదు, అంతే.

ఇది ఫోనులో చెప్పేది కాదు. మాది ఒకటే గది అని నీకు తెలుసు. మధ్యలో తెర. తెరకు అటు అత్తయ్య మంచం, ఇటు మా మంచం. ఆయన రాత్రి ఎనిమిదికి బేకరీకి వెళితే తెల్లవారి ఆరుకు వస్తారు, చొక్కా నిండా పిండి, చేతిలో వేడి రొట్టె. అప్పటిదాకా గదిలో మేమిద్దరమే. చెయ్యి చాపితే తెర మీదుగా అత్తయ్య మంచం కోడు తగులుతుంది. అక్కడ ఏం మాట్లాడను? అందుకే మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. నువ్వూ లాండ్రీకే రాయి. మా యజమాని పెద్దాయన ఒకరి ఉత్తరం విప్పే మనిషి కాదు. చొక్కా జేబులో చీటీ దొరికినా మడిచి అలాగే ఇచ్చేస్తారు.

పోయిన ఏడాది ఆసుపత్రిలో పాత మాత్రలు ఆపి, రోజుకు ఒక్కటే కొత్త మాత్ర ఇచ్చారని రాశాను కదా. ఒక్కటే కదా అని ఎంత సంబరపడ్డానో. దానితో కలలు మొదలయ్యాయి. మామూలు కలలు కావు. ఇస్త్రీ చేసిన చొక్కాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వీధి వెంట వెళ్లిపోతుంటాయి. వాటి వెనక అమ్మ. అమ్మ ముఖం నాకు గుర్తులేదు, అయినా అమ్మే అని తెలుస్తుంది. లేచాక ఒళ్లంతా పని చేసినట్టు ఉంటుంది.

కలలైతే ఓర్చుకుందును. మొన్న పొద్దున అత్తయ్య బడికి, ఆయా పనికి వెళ్లబోతూ, టీ పోస్తూ అడిగారు.

"అమ్మాయ్, నిద్రలో ఎవరితో అంత కబుర్లు?"

"నేనా అత్తయ్యా? ఏమన్నాను?"

"ఏమో మరి. నీకే తెలియాలి."

అంతే అన్నారు. కానీ నా ముఖంలోకి చాలాసేపు చూశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి బొత్తాల డబ్బా మీదకు పోయింది. మాత్రలు అందులోనే దాస్తాను. లాండ్రీ చొక్కాలకు ఊడిన బొత్తాలు కుట్టడానికి ఇంటికి తెచ్చుకుంటాను కనుక డబ్బా ఎవరికీ వింతగా ఉండదు. చప్పుడు కాకుండా చుట్టూ దూది పెట్టాను.

నా జబ్బు సంగతి నీకు తెలుసు, ఆసుపత్రి వాళ్లకు తెలుసు. పెళ్లికి ముందే నేనే చెప్పాను కనుక ఆయనకు తెలుసు. తెలియనిది అత్తయ్యకు ఒక్కరికే. మెలకువలో ఇన్నాళ్లు దాచినది నిద్రలో నా నోటి నుంచే జారిపోతే? అప్పటి నుంచి పడుకోవడం మానేశాను పిన్నీ. కళ్లు మూసుకుని ఉంటాను, నిద్రపోను.

చిన్నప్పుడు కూడా నేను నిద్రలో మాట్లాడేదాన్నా? నిజం చెప్పు.

తొమ్మిదికి వేసుకుంటున్నాను. దాని గురించి దిగులు పడకు.

నీ గువ్వ


కుట్టుమిషను దగ్గర నుంచి,
జూన్ 15

గువ్వా,

నీ ఉత్తరం అందింది. సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు తడుముకునే కళ్లతో నీ కోడిగీతలు చదవడానికి ఒక పూట పట్టింది. ఆ పూట కాలరు కుట్టాల్సిన చొక్కాలు పన్నెండు అలాగే ఉండిపోయాయి. వాటి పాపం నీదే.

మాట్లాడేదానివి. ఎందుకు మాట్లాడవు? పగలంతా నోట్లో నాలుక లేనట్టు ఉండి, కన్ను మూశాక వీధి వీధంతటి సంగతులు చెప్పేదానివి. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నిద్రలో మాట్లాడినవాళ్లను ఎవరూ ఉరి తియ్యలేదు. పడుకో. ఏం వస్తే అది రానీ.

హెచ్ఐవి అని రాయడానికి నీకు ఇప్పటికీ చెయ్యి రాదు. నా జబ్బు, ఆ సంగతి అని చుట్టూ తిరుగుతావు. నేను రాశాను చూడు, కాగితం కాలిపోలేదు. నీ ఐదో ఏట మీ నాన్న వెనకే మీ అమ్మ కూడా పోయాక, ఆసుపత్రి నర్సు నీ మందుల సంచి నా చేతిలో పెట్టి, రోజూ ఒకే వేళకు వెయ్యాలి, ఒక్క పూట తప్పకూడదు అంది. ఆ సాయంత్రమే అలారం గడియారం కొన్నాను. పాలు పొద్దున మరిచిపోతాను, కుట్టుపని మధ్యాహ్నం మరిచిపోతాను, రాత్రి తొమ్మిదికైతే ఇంట్లోనే ఉంటాను కదా అని తొమ్మిది పెట్టాను. నువ్వు సగం నిద్రలో ఉండి, మాత్ర మింగకుండానే "వేసుకున్నాను పిన్నీ" అని అబద్ధమాడేదానివి. నీ బుగ్గ నొక్కి చూసేదాన్ని, లోపల ఉండేది. అప్పుడు ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

అత్తగారిని చూసి అంత బెదరకు. వదిన నువ్వు అనుకున్నంత పరాయిది కాదు. ఇంతకంటే ఎక్కువ రాయను, కన్ను నొప్పి.

సాయంత్రం టీ మానెయ్. పడుకునే ముందు కాళ్లు గోరువెచ్చని నీళ్లతో కడుక్కో. కలల సంగతి ఈసారి డాక్టరమ్మకు చెప్పు. తొమ్మిది మాత్రం తప్పనివ్వకు.

పిన్ని


లాండ్రీ,
జూలై 10

పిన్నికి,

నిద్ర సుఖమెరుగదు అంటారు. నా నిద్రకు ఏం తెలుసో తెలియదు, నేనైతే సుఖం మరిచిపోయాను. అత్తయ్య పడుకున్నాక మంచం మీద కూర్చుని బొత్తాలు కుడతాను. కునుకు వస్తే సూది వేలికి తగులుతుంది, లేస్తాను. ఒకరోజు చేతిరుమాలు నోటికి కట్టుకుని పడుకున్నాను. ఊపిరాడక లేచాను. ఆయన వచ్చాక, అత్తయ్య ఏడింటికి బడికి వెళ్లాక, ఒకటిన్నర గంట పడుకుంటాను. ఆయన పక్కన ఏం వాగినా ఫరవాలేదు. ఆయనేమో అలిసి వచ్చి మొద్దులా పడతారు, నా మాట ఒక్కటీ వినలేదట.

పొద్దున తొమ్మిదికి లాండ్రీ. నిలబడే నిద్ర వస్తుంది. పోయిన వారం లావుపాటి కంట్రాక్టరు ప్యాంట్లు బక్కపలచటి మాస్టారి మూటలో కట్టాను. మాస్టారు తిరిగి తెచ్చి, "నాకింకా ఇంత బాగుపడే యోగం రాలేదమ్మా" అన్నారు. నిన్న ఒక తెల్లకోటు జేబు దగ్గర కాల్చేశాను. పెద్దాయన దాన్ని వెలుగుకు పెట్టి చిల్లులోంచి నా వైపు చూసి, "మడత పోగొట్టమన్నాను గానీ, గుడ్డను పోగొట్టమన్నానా తల్లీ" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆసుపత్రికి వెళ్లాను. బెంచీ మీద పక్కన ఒక ముసలి లారీ డ్రైవరు గోడకు వీపు ఆనించి కునుకుతున్నారు. నేనూ కునికి ఆయన భుజం మీద పడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన, "ఫరవాలేదమ్మా, ఈ బెంచీ మీద సగం మందికి ఇంట్లో నిద్ర రాదు, ఇక్కడే వస్తుంది" అన్నారు. ఒకరికి మాత్రవల్లనట, ఒకరికి రాత్రి కాళ్లు తిమ్మిరట, ఒకరికి ఊరికే దిగులట. డాక్టరుకు చెప్పారా అని అడిగాను. "ఏం చెబుతాం? బతికించారు. ఇంక నిద్ర కూడా కావాలంటే అత్యాశ అనుకోరూ?" అన్నారు.

నా వంతు వచ్చింది. డాక్టరమ్మ కాగితాల్లోంచి తల ఎత్తకుండా, "అంతా బాగానే ఉందా?" అంది. వెనక ముప్పైమంది ఉన్నారు. "బాగానే ఉందండీ" అన్నాను. నా నోరు నాకు తెలుసు కదా పిన్నీ. పగలు తెరుచుకోదు.

ఇంకొకటి జరిగింది. రాయకూడదనుకున్నాను. ఆదివారం కూరగాయలు తరుగుతూ కునికాను, వేలు తెగింది. అత్తయ్య తడిగుడ్డ పట్టుకుని గబగబా వచ్చి నా చెయ్యి అందుకోబోయారు. నేను చెయ్యి లాక్కుని గోడ వైపు తిరిగిపోయాను, నా రక్తం ఆవిడకు తగులుతుందని. ఆవిడ చెయ్యి అలా గాలిలోనే ఉండిపోయింది. తర్వాత గుడ్డ బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఆవిడకు అనుమానం వచ్చేసింది పిన్నీ. చూపులో తెలుస్తోంది. వానకు గోడ కారి మంచం కింద తడిసినప్పుడు, బొత్తాల డబ్బా అలమర పైకి చేరి ఉంది. ఆయనే పెట్టి ఉంటారు. ఆవిడ చేతికి అంది ఉంటేనా!

తొమ్మిదికి వేసుకుంటున్నాను.

గువ్వ


కుట్టుమిషను దగ్గర నుంచి,
జూలై 19

గువ్వా,

కోపంగా రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే కంటి తప్పు కాదు.

అడగందే అమ్మయినా పెట్టదు. నీకు అమ్మ కూడా లేదాయె, ఇంకా గట్టిగా అడగాలి. ఆ లారీ పెద్దమనిషికి నా మాటగా చెప్పు. నిద్ర అత్యాశ కాదు, కూడు గుడ్డ లాంటిదే. వెనక ముప్పైమంది ఉంటే ఉండనీ. వాళ్లు మాత్రం నిద్ర గురించి అడగాలనుకుని నోరు మూసుకున్నవాళ్లే కదా. నువ్వు నోరు తెరిస్తే వరసంతా తెరుస్తుంది.

రెండో సంగతి. వదిన చెయ్యి చాపిందని నువ్వే రాశావు. నువ్వు లాక్కున్నావని నువ్వే రాశావు. అలిగింది ఆవిడ అని కూడా నువ్వే రాశావు. కాగితం మీద పెట్టుకుని మళ్లీ చదువుకో. ఎవరు ఎవరిని తాకనివ్వలేదో చూడు.

ఆమెకు చెప్పు గువ్వా. నీ నోటితో చెప్పు. నీ బదులు ఇంకొకరు చెప్పేది కాదు ఇది, ఇంతకంటే నాకు రాసే వీలు లేదు. ఎందుకని అడగకు.

అల్లుడు ఏమంటున్నాడు? ఆ పిండి మనిషికి పెళ్లాం కళ్ల కింద నలుపు కనబడడం లేదా?

పిన్ని


లాండ్రీ,
ఆగస్టు 12

పిన్నికి,

నీ కోపం ఫలించింది. ఇప్పుడు బాగా నిద్రపడుతోంది. కలలు లేవు. మాటలూ లేవు. అత్తయ్య మళ్లీ ఏమీ అడగలేదు. రెండు వారాలుగా ఒక్క చొక్కా కూడా కాల్చలేదు, పెద్దాయన నన్ను చూసి దేవుడు ఉన్నాడు అంటున్నారు.

నీ కంటికి డాక్టరు దగ్గరకు వెళ్లావా? నాకు చెప్పడమే గానీ నువ్వు వెళ్లవు. దారం ఎక్కించే చిన్న రేకు ఒకటి దొరుకుతుంది, ఈ ఉత్తరంలో పెట్టాను. దాని కంట్లోంచి దారం తోస్తే చాలు.

ఆయన బాగున్నారు. అందరం బాగున్నాం.

గువ్వ


కుట్టుమిషను దగ్గర నుంచి,
ఆగస్టు 18

గువ్వా,

రేకు పనిచేస్తోంది. దీర్ఘాయుష్మంతురాలివి కా.

నీ ఉత్తరాలన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాను. రెండేళ్లవి, ముప్పైఒకటి. ఇవాళ అన్నీ తీసి చివరి వరస మాత్రమే చూశాను. ముప్పై ఉత్తరాల్లో ఒకటే మాట ఉంది. ముప్పైఒకటో దానిలో లేదు.

ఎన్ని రోజులైంది?

పిన్ని


లాండ్రీ,
ఆగస్టు 27

పిన్నికి,

పందొమ్మిది రోజులు. వరసగా కాదు. మొదట రెండు, తర్వాత వారం, మధ్యలో భయపడి నాలుగు రోజులు వేసుకున్నాను, మళ్లీ మానేశాను.

కావాలని మొదలుపెట్టలేదు. జూలై ఆఖర్లో ఒక రోజు లాండ్రీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఏడింటికే మంచం మీద వాలిపోయాను. తెల్లవారి లేచాను. మాత్ర లేదు, కల లేదు. అత్తయ్య, "రాత్రి గొంతు లేవలేదే" అన్నారు. ఒళ్లు దూదిలా ఉంది. అంత హాయి తప్పని తెలుసు. అయినా మర్నాడు తొమ్మిదికి డబ్బా తీసి, మూత పెట్టేశాను. నువ్వు బుగ్గ నొక్కి చూడడానికి ఇక్కడ లేవు.

ఇప్పుడు నిద్రపడుతోంది అని రాశాను, అదీ పూర్తిగా నిజం కాదు. కలలు పోయాయి, వాటి స్థానంలో ఈ తప్పు వచ్చి కూర్చుంది.

నీకు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. రక్తంలో పురుగు కనబడకుండా ఏడాది పాటు నిలిస్తే బిడ్డ గురించి ఆలోచించవచ్చని డాక్టరమ్మ అంది. అక్టోబరుకు ఏడాది. ఆయన నెలలు వేళ్ల మీద లెక్కపెడుతున్నారు. మొన్న గుండ్రటి చిన్న రొట్టె ఒకటి తెచ్చి అరచేతిలో పెట్టి, "పసివాడి తల ఇంతే ఉంటుందట" అన్నారు. దాన్ని నేను తినలేకపోయాను. ఆయనకు దూరంగా ఉంటున్నాను, ఒంట్లో బాగాలేదని సాకు. నావల్ల ఆయనకు ఏదైనా అంటుకుంటే ఏ నిద్రా అక్కర్లేదు నాకు. అలిసిపోయానని ఆయన నమ్ముతున్నారు. కాళ్లకు నూనె రాస్తున్నారు. ఆ చేతుల కింద పడుకుని అబద్ధం ఆడుతున్నాను.

సోమవారం రక్తం తీశారు. ఫలితానికి మూడు వారాలు.

అత్తయ్యకు చెప్పమంటావు. ఆవిడకు ఒక్కడే కొడుకు. "నా కొడుకును నాకు ఒప్పజెప్పి వెళ్లు" అంటే నేను ఏమనగలను? అడగడానికి ఆవిడకు హక్కుంది. అందుకే చెప్పలేను. రాత్రి వేసుకుంటే నోరు నన్ను పట్టిస్తుంది, మానేస్తే రక్తం పట్టిస్తుంది. ఎటు వెళ్లను?

అలిసిపోయాను పిన్నీ.

గువ్వ


కుట్టుమిషను దగ్గర నుంచి,
సెప్టెంబరు 3

గువ్వా,

ముందు మాత్ర వేసుకో. ఈ ఉత్తరం చదవడం ఆపి, నీ సంచిలో ఉంటే ఇప్పుడే వేసుకో. తర్వాత మిగతాది చదువు.

నేనొక మాట ఇచ్చాను. దాన్ని ఇవాళ తప్పుతున్నాను. కూర్చుని చదువు.

వదినకు తెలుసు. నీ పెళ్లికి పది రోజుల ముందు, పెళ్లికొడుకు చొక్కా కొలతలిచ్చే మిషతో మా ఇంటికి వచ్చింది. నేను మిషను ఆపాను. "వదినా, మా పిల్లకు పుట్టుకతో హెచ్ఐవి ఉంది. మీ అబ్బాయికి తను చెప్పింది. మీకు చెప్పకుండా నేను ఈ గడప దాటించలేను" అన్నాను. టీ మీద మీగడ కట్టేదాకా ఆమె గ్లాసు ముట్టుకోలేదు. తర్వాత మూడు ప్రశ్నలు అడిగింది. కలిసి తింటే, ఒక గదిలో ఉంటే అంటుతుందా? అంటదు అన్నాను. పిల్లలు పుడతారా? మందు తప్పకుండా ఉంటే పుడతారు, బిడ్డకు రాకుండా చూసుకుంటారు అన్నాను. మూడోది కొలతల చీటీ మడుస్తూ అడిగింది. "మాత్ర తనే వేసుకుంటుందా, గుర్తు చెయ్యాలా?"

ఆ మూడో ప్రశ్నతో నాకు ప్రాణం లేచివచ్చింది. వద్దనే మనిషి అడిగే ప్రశ్న కాదు అది.

వెళుతూ గుమ్మంలో ఆగి ఒట్టు వేయించుకుంది. "నాకు తెలుసని పిల్లకు గానీ మా వాడికి గానీ చెప్పకు. తెలిస్తే అది నా ఇంట్లో కోడలిలా తిరగదు, దయ మీద బతికేదానిలా తిరుగుతుంది. ఇది తన ఇల్లు అనిపించిన రోజు తనే చెబుతుంది" అంది. ఆ రోజు రెండు నెలల్లో వస్తుందనుకున్నాం ఇద్దరం. తెలివి తక్కువ ముసలివాళ్లం.

బొత్తాల డబ్బా ఆమెకు మొదటి నెలలోనే తెలుసు. వానలో దాన్ని అలమర పైన పెట్టింది ఆమే. నిద్రలో ఎవరితో కబుర్లు అని అడిగింది నిన్ను పట్టుకోవడానికి కాదు, నీకు మాట అందించడానికి. నువ్వు చెయ్యి లాక్కున్న రోజు పక్కింటి ఫోను నుంచి నాతో మాట్లాడింది. "ఇంకా పరాయిదాన్నే వదినా" అంది. ఆ గొంతు విని కూడా నేను మాటకు కట్టుబడి కూర్చున్నాను. మాట నిలబెట్టుకోవడం గొప్ప అనుకున్నాను. దానికి నువ్వు పందొమ్మిది మాత్రలు చెల్లించావు.

తప్పు నాది. మా ఇంట్లో ఇప్పటికీ తొమ్మిదికి ఆ గడియారం మోగుతుంది. ఆపలేదు. అది మోగాక నువ్వు వేసుకుని ఉంటావు అనుకుని దీపం ఆర్పుతాను. ఆ పందొమ్మిది రోజులూ అలాగే ఆర్పాను.

ఆమె దగ్గరకు వెళ్లు.

పిన్ని


మా ఇల్లు,
సెప్టెంబరు 24

పిన్నికి,

ఈ ఉత్తరం ఇంట్లో కూర్చునే రాస్తున్నాను. అత్తయ్య ఎదురుగా బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. "మీ పిన్నికి నా మీద చాడీలేనా?" అంటున్నారు. అవునన్నాను.

నువ్వు మాట తప్పలేదు పిన్నీ. ఎలాగంటే, నీ ఉత్తరం పెద్దాయన నాకు మధ్యాహ్నం ఇచ్చారు. ఆ వరస మూటలు అయ్యాక చదువుదామని జేబులో పెట్టుకున్నాను. ఇస్త్రీ పెట్టె చేతిలో ఉండగానే కళ్లు మూసుకుపోయాయి. తెలివి వచ్చేసరికి ఎడమ చెయ్యి కాలి ఉంది, పెద్దాయన నీళ్లు పోస్తున్నారు, బడికి కబురు పెట్టారు. అత్తయ్య పిల్లల ముక్కులు తుడిచే తువ్వాలు భుజాన అలాగే ఉండగా పరుగెత్తుకొచ్చారు. ఇంటికి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. పట్టపగలు. మందు రాయడానికి చెయ్యి పట్టుకున్నారు. నేను లాక్కోలేదు. లాక్కునే ఓపిక లేదు.

"పడుకో. నేను కూర్చుంటాను" అన్నారు.

"పడుకుంటే మాట్లాడతాను అత్తయ్యా."

"మాట్లాడితే వింటాను."

అప్పుడు చెప్పేశాను. గోడ వైపు చూస్తూ చెప్పాను. అమ్మానాన్నల సంగతి, నా సంగతి, బొత్తాల డబ్బా, మానేసిన మాత్రలు, అన్నీ. హెచ్ఐవి అని నోటితో అన్నాను. ఆవిడ మందు రాయడం ఆపలేదు. అంతా అయ్యాక, "రెండేళ్లు పట్టింది అమ్మాయ్ నీకు" అన్నారు. నాకు అర్థం కాలేదు. అడిగే ఓపిక కూడా లేక నిద్రపోయాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు లేచాను. ఆవిడ స్టూలు మీద అలాగే ఉన్నారు, తల గోడకు ఆనించి, నోరు తెరుచుకుని నిద్ర. అప్పుడు నీ ఉత్తరం తీసి చదివాను. చదివి, ఆవిడ లేచేదాకా ఏడ్చాను.

ఆయనకు రాత్రే చెప్పాం, బేకరీకి వెళ్లబోతుంటే. అమ్మకు ముందే తెలుసా, తెలుసని మీ పిన్నికీ తెలుసా అని ఆయన లెక్క తేల్చుకోలేక గుమ్మంలోనే చాలాసేపు నిలబడిపోయారు. "ఈ ఇంట్లో పిండి పిసికేవాడికి తప్ప అందరికీ అన్నీ తెలుసు" అన్నారు. తర్వాత మానేసిన మాత్రల సంగతి చెప్పాను. దానికి నవ్వలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయారు. తెల్లవారి వచ్చి, రొట్టె బల్ల మీద పెట్టి, "ఇంకోసారి భయమేస్తే బేకరీకి వచ్చి నన్ను లేపు" అన్నారు. నేను మెలకువగానే ఉంటాను కదా అక్కడ, అని తనే అన్నారు.

ఆసుపత్రికి అత్తయ్య వచ్చారు. డాక్టరమ్మ, "అంతా బాగానే ఉందా?" అంటే నేను అలవాటుగా నోరు తెరవబోయాను. అత్తయ్య నా మోచెయ్యి గిల్లారు. "నిద్ర లేదండీ" అన్నాను. ఆమె అప్పుడు కలం పక్కన పెట్టింది.

ఏ వేళకు వేసుకుంటున్నావు అని అడిగింది. రాత్రి తొమ్మిదికి అన్నాను. రాత్రే వేసుకోవాలని ఎవరు చెప్పారు అంది. మా పిన్ని అన్నాను. ఆమె నవ్వింది, నిన్ను ఎగతాళి చేసి కాదు. ఒకే వేళకు అంటే పొద్దుటి వేళ కూడా వేళే అంది. ఈ కొత్త మాత్ర కొందరికి నిద్ర చెడగొడుతుందట, కలలు తెస్తుందట. అలాంటివాళ్లు పొద్దున వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుందట. ఇంతే పిన్నీ. ఒక్క ప్రశ్న. రక్తం కూడా తక్కువగా ఉందని వేరే మాత్రలు ఇచ్చింది. దిగులు కూడా నిద్రను తింటుంది, వచ్చినప్పుడల్లా చెప్పు అంది. బయటికి వచ్చి లారీ తాతగారికి చెప్పాను. ఆయన ఆ రోజు తన వంతులో ఎక్కువసేపు లోపల ఉన్నారు.

ఫలితం మంచిగా రాలేదు. పురుగు మళ్లీ కనబడింది. కొంచెమేనట, మందు మాట వింటుందనే అనుకుంటున్నారు. తప్పకుండా వేసుకుని మూడు నెలలకు మళ్లీ చూపించుకోవాలి. ఆయన రక్తం కూడా పరీక్ష చేశారు, అందులో ఏమీ లేదు. ఆ కాగితం నాలుగుసార్లు చదివాను. కానీ ఏడాది లెక్క మళ్లీ మొదటి నుంచి. ఆయన వేళ్లు మడవడం మానేశారు. దారిలో ఆ సంగతి చెప్పి ఏడిస్తే అత్తయ్య, "ఏడాదేగా. రెండేళ్లు నోరు కట్టుకు కూర్చున్నదాన్ని, ఏడాది నాకొక లెక్కా" అన్నారు.

ఇంకా అన్ని రాత్రులూ బాగుండడం లేదు. వారంలో రెండు మూడు రోజులు మెలకువ వస్తుంది. అప్పుడు తెర తీసేసి పడుకుంటాను. తెర ఇప్పుడు ఎక్కువగా తీసే ఉంటోంది.

నిన్న అత్తయ్యను అడిగాను, ఇన్నాళ్లూ నిద్రలో నేను ఏం చెప్పేదాన్ని అని. దేనికి అంత భయపడ్డానో తెలుసుకుందామని. ఆవిడ బియ్యం చేట పక్కన పెట్టి చెప్పారు.

"రోజూ ఒకటే మాట. వేసుకున్నాను పిన్నీ, వేసుకున్నాను పిన్నీ అని. ఆ నోటికి ఇంకో మాట రాదు."

ఇంకేమీ అనలేదట. జబ్బు పేరు లేదు, ఆసుపత్రి లేదు, అమ్మ లేదు. దానికోసం పిన్నీ నేను మేలుకుని కూర్చున్నది. అత్తయ్య ఆగి ఇంకొకటి అన్నారు. మానేసిన రోజుల్లో కూడా ఒకటి రెండుసార్లు అన్నానట. ఈసారి ఆ మాట అబద్ధంలా వినబడిందట. ఆవిడకు బుగ్గ నొక్కి చూడాలనిపించిందట, నేను లేస్తానని ఊరుకున్నారట.

ఆ గడియారాన్ని ఇక తొమ్మిదికి మోగనివ్వకు. తొందరగా పడుకో, కళ్లకు మంచిది. కంటి డాక్టరుకు చూపించుకున్నానని రాస్తే తప్ప నీకు ఉత్తరం రాయనివ్వనంటున్నారు అత్తయ్య. రాసేది నేనే అయినా బెదిరింపు ఆవిడది.

పొద్దున ఏడింటికి వేసుకుంటున్నాను.

నీ గువ్వ